ఎడమవైపు ఫోటో

లిఫ్టు పనిచేయడం లేదని శిక్షణ సంస్థవాళ్ళు ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈవిడను ఇంట్లోనే కూర్చోబెట్టి వచ్చేది కదా అనుకుంటూ చెల్లెలు రెండో అంతస్తు మలుపులో నిలబడి ఫోన్ చూస్తోంది, ఫోన్‌లో చూడడానికి ఏమీ లేదు, కింద మెట్ల మీద అక్క వస్తోంది, మొదట ఊపిరి వస్తుంది, తరువాత కమ్మీ మీద చెయ్యి వస్తుంది, ఆ తరువాత ఎప్పటికో మనిషి వస్తుంది, ఇప్పటికి నాలుగుసార్లు ఆగింది, నాలుగోసారి ఆగినప్పుడు గోడకు అతికించిన అగ్నిప్రమాద సూచనలు చదువుతున్నట్టు నటించింది, ఎవరి కోసం ఆ నటన, మెట్ల మీద ఇంకెవరూ లేరు, చెల్లెలికి చిరాకు వస్తుందేమోనని భయపడి, నిప్పంటుకుంటే ఏ దారిన పరిగెత్తాలో శ్రద్ధగా చదువుతోంది, పరిగెడుతుందట, అనుకుని చెల్లెలు పెదవి కొరుక్కుంది, అది పాడుమాట అని తెలుసు, తెలిసినా లోపలి నోరు మూతపడదు, పైనోటితో ఎంత మెత్తగా మాట్లాడితే లోపలి నోరు అంత పదునెక్కుతుంది, ఒసే అగ్గిపుల్లా, కాస్త ఆగవే, ఈ మెట్లు కట్టించినవాడెవడో గానీ వాళ్ళ అత్తగారు పైకి రాకూడదని కట్టించినట్టున్నాడు అంది అక్క మలుపు తిరిగి, ముఖం నిండా చెమట, చెమట నిండా నవ్వు, మెల్లగా రా అక్కా, తొందరేముంది అంది చెల్లెలు పైనోటితో, ఐదోసారి అని లెక్క వేసుకుంది లోపలి నోటితో.

చేతిసంచీలో రెండు దరఖాస్తులున్నాయి, రెండూ ఈ సంస్థవే, రెండూ పర్సనల్ ట్రైనర్ కావడానికే, ఒకటి ఆరు వారాల కోర్సుది, నిగనిగలాడే కాగితం, ఇంకొకటి ఏడాది కోర్సుది, జెరాక్స్ తీసీ తీసీ అక్షరాలు లావెక్కిన కాగితం, ఏడాదిదే చేరాలని ఇంట్లో బయల్దేరేటప్పుడే తేల్చుకుంది, జిమ్ రిసెప్షన్‌లో ఐదేళ్ళు కూర్చున్న మనిషికి ఆరు వారాల చదువు ఏపాటిదో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, పోయిన ఏడాది అలాంటి ట్రైనర్ ఒకడు ఇంకొక్కటి, ఇదే ఆఖరుది, ఇదే ఆఖరుది అని అరుస్తూ ఒక బ్యాంకు ఉద్యోగిని చేత బరువు ఎత్తించాడు, వాళ్ళ భాషలో ఆఖరుది అంటే ఇంకా మూడున్నాయని అర్థం, రెండో ఆఖరుదానికి ఆమె భుజం కీలు జారింది, ఆమె మళ్ళీ రాలేదు, సభ్యత్వం మానుకోవడానికి కారణం అన్న గడిలో వ్యక్తిగతం అని రాసింది తనే, రాస్తున్నప్పుడు అనుకుంది, నేర్చుకుంటే ఏ ఎముక ఎక్కడుందో తెలిసేలా నేర్చుకోవాలి, ఇంకొకరి భుజం తన చేతిలో ఊడిరాకూడదు, జిమ్ ఓనరు కూడా నీ ఇష్టం, ఏడాదిదైతే ఏడాది ఆగుతాను, ట్రైనర్‌గా నీ చోటు ఎక్కడికీ పోదు అన్నాడు, అంటే తొందర లేదు, అడ్డు లేదు, ఆ కాగితంలో ఒక్క గడే మిగిలి ఉంది, ఈ ఏడాది మీరు ఎవరి శరీరానికి బాధ్యత వహిస్తారు అన్న గడి, చేరిన ప్రతివాళ్ళూ ఒక మనిషిని వెంట తెచ్చుకోవాలట, ఏడాది పొడవునా ఆ ఒక్క మనిషికే నేర్పాలట, ఆ మనిషి మెట్లెక్కడం, నేల మీద నుంచి లేవడం, బరువు మోయడం ఎంత బాగుపడితే వీళ్ళకు అన్ని మార్కులట, బల్ల మీద ఆ కాగితం చూసి అక్క కుట్టుమిషన్ ఆపేసింది, ఎవర్నో బతిమాలుకోవడమెందుకే, నేను లేనూ, ఇంత శరీరం పెట్టుకుని నీకు ఇవ్వకపోతే ఎవరికిస్తాను అంది, అంత సంబరంగా అన్న మనిషిని వద్దని ఎలా అంటుంది, అందుకే వెంటబెట్టుకొచ్చింది, అందుకే ఈ మెట్లు.

మూడో అంతస్తులో ఎదురుచూసే గది, వరసగా చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు, అక్క కుర్చీని చూసింది, కుర్చీ అక్కను చూసింది, ఇద్దరూ ఒక అంగీకారానికి వచ్చినట్టు అక్క కిటికీ దగ్గరున్న చెక్క స్టూలు తెచ్చుకుని కూర్చుంది, బట్టలు కుట్టే మనిషికి దేనిలో ఏది పడుతుందో టేపు లేకుండానే తెలుస్తుంది, జిమ్‌కు వచ్చేవాళ్ళు సన్నబడినా లావెక్కినా బట్టలు పట్టుకుని అక్క దగ్గరికే వస్తారు, నడుం చుట్టూ టేపు వేసి అక్క ఎప్పుడూ అంకె పైకి చదవదు, పుస్తకంలో రాసుకుని, సరిపోతుందండీ అంటుంది అంతే, అదే నడుమును జిమ్‌లో కొలిస్తే హాలంతా వినబడేలా అరుస్తారు, సిగ్గుపడితేనే చెమట పడుతుందని వాళ్ళ సిద్ధాంతం, ఇవన్నీ ఇప్పుడెందుకు గుర్తొస్తున్నాయి, ఎదురుగా గోడ నిండా జంట ఫోటోలు, ఎడమవైపు లావుమనిషి, కుడివైపు సన్నమనిషి, మధ్యలో బాణం, చూపు తిప్పుకోబోతే తిరగలేదు, నాలుగేళ్ళ కిందట ఓనరు కూడా జిమ్ పోస్టరుకు ఇలాంటిదే అడిగాడు, నీ పాత ఫోటో ఒకటివ్వు, లావుగా ఉన్నప్పటిది అన్నాడు, నేనెప్పుడూ లావు లేనండీ అంటే నమ్మక తన చేతిలోని ఫోన్ లాక్కుని వెతికాడు, ఎవరిదో పుట్టినరోజు ఫోటోలో అక్క కనబడింది, ఇదెవరు, అదే ముక్కు, అదే గడ్డం, పని అయిపోయింది పో అన్నాడు, అక్క చేతిలో ఉన్న బెలూన్లు కత్తిరించేశారు, నవ్వును ఏం చేయాలో తెలియక కాస్త మసక చేశారు, ఎడమవైపు ముందు అని అక్క, కుడివైపు తరువాత అని తను, కింద పది నెలల్లో అని జానెడు అక్షరాలు, తను వద్దనలేదు, ఇంట్లో చెప్పనూ లేదు, సరిచేసిన ప్యాంట్లు ఇవ్వడానికి జిమ్‌కు వచ్చిన అక్కే చూసుకుంది, గోడంత ఉన్న తనను తను చాలాసేపు చూసి, ఆ గౌను నేను కుట్టిందే, భుజం దగ్గర కుట్టు వంకరపోయింది చూశావా అంది, ప్యాంట్ల సంచీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది, ఆ తరువాత ఒక్క మాట లేదు, తిట్టి ఉంటే బాగుండేది, తిట్టనివాళ్ళతో బతకడం ఎంత కష్టమో తిట్టేవాళ్ళకు తెలియదు, అప్పటినుంచి ట్రైనర్లందరికీ తను తరువాత అయిపోయింది, తరువాతా, ఆ తాళాలు ఇలా పడెయ్యి, తరువాతా, నీ కోసం ఎవరో వచ్చారు అని పిలుస్తారు, కొత్తగా చేరినవాళ్ళు ఏం తినేవారండీ, ఏం మానేశారండీ అని అడుగుతారు, తను ఎప్పుడూ పడని కష్టాన్ని పూసగుచ్చినట్టు చెబుతుంది, ఒక్కోసారి చెబుతూ చెబుతూ కళ్ళలో నీళ్ళు కూడా వస్తాయి, ఎక్కడివో ఆ నీళ్ళు, తను పళ్ళెంలో సగం వదిలేసే పిల్ల, అంతే, అమ్మ పోయేసరికి తనకు ఆరేళ్ళు, అక్కకు పదిహేడు, రెండు ముద్దలు తిని పళ్ళెం నెట్టేసేది, పారేయడానికి మనసొప్పక ఆ మిగిలింది అక్క తినేసేది, అలా ఎన్నేళ్ళు, నువ్వు వదిలేసిందంతా నేను మోస్తున్నానే అని ఒకసారి అంది అక్క, హాస్యానికే అంది, తనకు నవ్వు రాలేదు.

మీరు, మీరు ఆ పోస్టరులో ఉన్నావిడ కదూ, అని గొంతు వినబడి తల ఎత్తితే సంస్థ మేడమ్ తలుపు దగ్గర నిలబడి ఉంది, కోర్సుల గురించి చెప్పి చేర్చుకునేది ఆవిడే, ఎంత మారిపోయారండీ, మా ఆరు వారాల క్లాసులో మొదటిరోజు మీ ఫోటోనే చూపిస్తాం, పట్టుదల అంటే ఇదీ అని చెబుతాం అంటోంది, గదిలో ఉన్న ఇంకో ఇద్దరు మెడలు చాచి చూశారు, తను నేర్చుకున్న నవ్వు నవ్వింది, పళ్ళు కనబడీ కనబడనట్టు, వినయం పాలు ఎక్కువగా, మేడమ్ కళ్ళు స్టూలు మీదికి దిగాయి, వీరు, అంది, అక్కనండీ అంది అక్క, మేడమ్ అక్కను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసి, ఇంట్లో ఇలాంటి చెల్లెల్ని పెట్టుకుని మీరిలా ఉండిపోయారేంటండీ, కాస్త ఆవిణ్ణి చూసైనా నేర్చుకోవాల్సింది అంది, ఆ ఇద్దరూ నవ్వారు, ఒకడు పైకే నవ్వాడు, ఇప్పుడు చెప్పాలి, ఆ ఫోటో మా అక్కది అంటే చాలు, నాలుగు మాటలు, నాలుక మీద వరసగా నిలబడ్డాయి కూడా, అవి కదిలేలోపే అక్క అందుకుంది, ఏం చేస్తామండీ, మా ఇంట్లో లావంతా నా వాటాకే వచ్చింది, ఇది మాత్రం చాలా కష్టపడిందండీ, పది నెలలు నోరు కట్టేసుకుంది, నేను కళ్ళారా చూశాను అంది, పది నెలలు అన్న అంకె కూడా తప్పకుండా చెప్పింది, పోస్టరు మీది అక్షరాలు బాగానే చదువుకుందన్నమాట, మేడమ్ ముచ్చటపడింది, తను సంచీ పట్టీ సరిచేసుకుంది, సరిచేయడానికి అందులో ఏమీ లేదు, సంచీ కింద నుంచి అక్క చెయ్యి వచ్చి తన మోకాలి మీద రెండుసార్లు తట్టింది, చిన్నప్పుడు సూదిమందు వేయించుకున్నాక తట్టినట్టు, నొప్పి నాది అయినప్పుడు నన్ను తట్టు, నీదైనప్పుడు నన్నెందుకు తడతావు అనుకుంది చెల్లెలు, కాలు పక్కకు జరుపుకుంది.

ఏడాది కోర్సు వాళ్ళు ముందు మాస్టారి దగ్గరికి వెళ్ళాలండీ, మీరు తెచ్చిన మనిషిని ఆయన చూస్తారు అని మేడమ్ పక్క హాలు చూపించింది, మాస్టారు పెద్దాయన, చొక్కా జేబులో విజిల్, కళ్ళజోడుకు దారం, అక్కను చూడగానే మెట్ల మీద వచ్చారామ్మా, అయితే ముందు కూర్చోండి, నీళ్ళు తాగండి, నాకేం తొందర లేదు అన్నాడు, చేతుల్లేని కుర్చీ ఒకటి తెచ్చాడు, హాలులో కసరత్తు చేస్తున్నవాళ్ళు కొందరు ఇటే చూస్తున్నారు, ఆయన కుర్చీని గోడవైపు తిప్పి వేశాడు, ఎందుకు తిప్పాడో చెప్పలేదు, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవండమ్మా, కూర్చోండి, మళ్ళీ లేవండి, అర నిమిషం సేపు, లెక్క నా దగ్గరే ఉంటుంది అన్నాడు, పైకి లెక్కపెట్టలేదు, వేళ్ళు మాత్రం మడిచాడు, అక్క లేచింది, కూర్చుంది, లేచింది, చెల్లెలు వెనక నిలబడి లెక్కపెట్టింది, నాలుగుకు ఆగిపోతుంది అనుకుంది, ఆగలేదు, ఐదుకు, ఆగలేదు, ఆరు, ఏడు, ఎనిమిదోసారి తొడలు వణికాయి, చెవులు ఎర్రబడ్డాయి, పడిపోతుందేమో అనుకుంది, అనుకోవడంలో భయం ఎంత, ఇంకేదో ఎంత, చూసుకోలేదు, పడలేదు, నిలబడింది, మాస్టారు విజిల్ ఊదకుండా చేత్తోనే చాలన్నాడు, ఈ కాళ్ళు ఇన్నేళ్ళూ ఇంత మోశాయి, వీటిని బలహీనమైనవని ఎవరన్నారమ్మా, ఇంత బలం ఊరికే కూర్చోబెట్టారు, ఏడాది తిరిగేసరికి ఆ మూడంతస్తులూ ఆగకుండా ఎక్కుతారు, మాటిస్తున్నా అన్నాడు, చెల్లెలివైపు తిరిగి, నీకు మంచి మనిషి దొరికిందమ్మా, ఇలాంటివాళ్ళు తొందరగా మారతారు, రెండు మూడు నెలలకే గుర్తుపట్టలేవు అన్నాడు, అక్క గోడవైపు నుంచి ఇటు తిరిగింది, ముఖం బెలూన్లు పట్టుకున్ననాటి ముఖం, మసక చేయనిది, విన్నావే అగ్గిపుల్లా, గుర్తుపట్టలేవట, మీ ఓనరు ఆ గోడ మీద ఫోటో మార్పించుకోవాలి పాపం అంది, మాస్టారికి ఆ హాస్యం అర్థం కాకపోయినా నవ్వాడు, చెల్లెలూ నవ్వింది, నేర్చుకున్న నవ్వే.

మళ్ళీ ఆ గది, ఒళ్ళో రెండు కాగితాలు, చేతిలో పెన్ను, అక్క స్టూలు మీద కూర్చుని అరచేతులతో తొడలు మెల్లగా ఒత్తుకుంటోంది, కొత్తగా పరిచయమైనవాళ్ళను పలకరిస్తున్నట్టు వాటిని చూసుకుంటోంది, ఎవరి శరీరానికి బాధ్యత అన్న గడిలో అక్క పేరు రాయాలి, పేరు రాయడానికి ఎంతసేపు, కానీ అక్క మోకాళ్ళు, అవును, మోకాళ్ళ సంగతి ఆలోచించలేదు, డాక్టరు ఏమన్నాడు, డాక్టరు నడవమన్నాడు, నడిస్తేనే మంచిదన్నాడు, అయితే మోకాళ్ళు కాదు, కుట్టుపని, ఏడాదంతా వారానికి మూడురోజులు రావాలంటే కుట్టుపని ఏమవుతుంది, మిషన్ దగ్గర పొద్దున ఎటూ ఖాళీయే, అయితే కుట్టుపని కూడా కాదు, ఇంకెవర్నైనా తెచ్చుకుంటే, పక్కింటావిడను, ఎవరినైనా, అప్పుడు అక్క నేనెందుకు పనికిరానే అని అడుగుతుంది, అడిగితే ఏం చెబుతుంది, ఏడాది తరువాతి అక్క కళ్ళ ముందుకొచ్చింది, అదే ముక్కు, అదే గడ్డం, నడుం దగ్గర తనే బిగించి కుట్టుకున్న కొత్త గౌను, జిమ్ తలుపు తోసుకుని లోపలికి వస్తోంది, ఊపిరి మనిషి వెనకాలే వస్తోంది, గోడ మీద ఫోటో ముందు నిలబడుతుంది, చూసేవాళ్ళు ఫోటోను చూస్తారు, అక్కను చూస్తారు, తనను చూస్తారు, ఎవరెవరో తేల్చుకుంటారు, చేసి చూపించినది అక్క, ఏమీ చేయనిది తను, అప్పుడు తరువాత అని ఎవరిని పిలవాలి, తనను ఏమని పిలవాలి, చేతికి తగిలింది నిగనిగలాడే కాగితం, అందులో గడి సులువు, మీ మార్పు కథ రాసి రెండు ఫోటోలు జతచేయండి, కథ కంఠస్థం, ఫోటోలు ఫోన్‌లోనే ఉన్నాయి, పెన్ను దానంతటదే నడిచింది, అదేంటే, ఏడాదిదన్నావుగా అని అక్క మెడ చాచి చూసింది, ఓనరు తొందరపెడుతున్నాడక్కా, ఏడాదంటే ఆగడట, పైగా నీ మోకాళ్ళు తట్టుకోవు, ఇందాక ఎనిమిదోదానికి ఎలా వణికావో నీకు తెలియదు, నేను చూశాను, భయమేసింది అంది, ఎంత మెత్తగా అందో, అక్క తొడల మీది చేతులు తీసేసింది, అవునా, నాకు బాగానే ఉన్నట్టనిపించిందే, అంది, లేచి నిలబడి, సరేలే, నీకు తెలియందేముంది, నా మంచికేగా చెబుతావు, పెద్దాయన పాపం కుర్చీ గోడవైపు తిప్పాడు చూశావా, చాలా మంచాయన, అంది, ఆ తరువాత స్టూలు తీసుకెళ్ళి కిటికీ దగ్గర ఎక్కడిదక్కడ పెట్టేసింది.

మేడమ్ కాగితం చూసి మీరు ఇందులోకే వస్తారని నాకు తెలుసండీ అంటూ కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలు ఎక్కిస్తోంది, వయసు, చదువు, ఎత్తు, బరువు, బరువు అడిగినప్పుడు అక్క మర్యాదగా కిటికీ బయటికి చూసింది, ఇంతకుముందు ఎవరికైనా శిక్షణ ఇచ్చిన అనుభవం ఉందా అని అడిగింది మేడమ్, లేదండీ అంది చెల్లెలు, లేకపోవడమేంటండీ, అని అక్క ముందుకు వంగింది, నాకు ఇచ్చిందిగా, ఇంట్లో, రోజూ, అది మొయ్యకు, ఇది తిను, ఎండలో తిరగకు, కాస్త పడుకో అని నా ప్రాణం తీసేది, పోయిన వేసవిలో నేను పొద్దున్నే నడక మొదలుపెడితే బయటి తలుపు తాళంచెవి దాచేసింది కూడాను, అంత ప్రేమండీ దీనికి, అంది, మేడమ్ పకపకా నవ్వింది, అయితే ఉందనే రాస్తాను, ఇలాంటివే బాగా పనికొస్తాయి అంది, తాళంచెవి, అవును, తాళంచెవి, వడదెబ్బ తగులుతుందని దాచింది, పొద్దున ఐదున్నరకు వడదెబ్బ, ఆ వారమే కదా అక్క తన గౌను తనే రెండు వేళ్ళు లోపలికి కుట్టుకుని, చూడవే, నా బట్టలు నేనే సరిచేసుకునే రోజొచ్చింది అని అద్దం ముందు తిరిగింది, ఆ సాయంత్రమే కదా తను మొదటిసారి బేకరీలో ఆగింది, రిబ్బను కట్టిన పెట్టె, వద్దే అని అక్క అంటే ఒక్క ముక్క, నా మీద ఒట్టు అని తన చేత్తో నోట్లో పెట్టింది, మర్నాడు ఇంకో పెట్టె, ఆ మర్నాడు ఇంకోటి, దారిలో ఉంది కదా అనుకుంది, పాపం మిషన్ తొక్కి అలిసిపోతుంది కదా అనుకుంది, బేకరీ దారిలో లేదు, రెండు వీధులు చుట్టు తిరగాలి, నెల తిరక్కుండానే ఆ గౌనుకు వేసిన రెండు వేళ్ళ కుట్టూ అక్క విప్పేసుకుంది, ఆ రోజు పెట్టె తేలేదు, అవసరం లేకపోయింది, ప్రేమ అనే అనుకుంది ఇన్నాళ్ళూ, ఇందాక అక్క ఎనిమిదోసారి లేచి నిలబడేదాకా అలాగే అనుకుంది, ఎన్నేళ్ళ అనుభవం అని రాయమంటారండీ, అని మేడమ్ వేళ్ళు మీటల మీద ఆపి చూస్తోంది, అక్క చెప్పు చెప్పు అన్నట్టు తల ఊపుతోంది, ముఖంలో గర్వం, ఆ ముఖాన్ని చూస్తుంటే చెల్లెలికి తనకు ఈ పని కొత్త కాదని తెలిసిపోయింది, ఆ ఫోటో గోడెక్కిన నాటినుంచీ ఒకే ఒక్క మనిషికి, ఒక్కరోజు మానకుండా, ఉన్నచోటు నుంచి కదలకుండా ఉండడం నేర్పిస్తూ వచ్చిందని, ఆ మనిషి చాలా బాగా నేర్చుకుందని తెలిసిపోయింది, నాలుగేళ్ళండీ, అంది.